మన వాకిట వండిన అరిసెలు



డిసెంబరు నెల ప్రవేశించగానే మా సంఘములో కూడ ఈ మధ్య ఒక కొత్త మాట వినబడుచున్నది. "అయ్యగారూ, పిండివంటలు ఆర్డరు చెప్పేశాము, ఇరవై నాలుగో తారీఖు సాయంత్రానికల్లా ఇంటికి వచ్చేస్తాయి" అంటారు. ఫోను మీద నాలుగుసార్లు వేలు నొక్కితే చాలు, అరిసెలు, జంతికలు, గవ్వలు, కజ్జికాయలు డబ్బాలలో సర్దుకొని గుమ్మము దగ్గరకు వస్తాయి. పండుగ ముందు వారము మా వీధిలో ఒకప్పుడు వచ్చే నూనె వాసన, బెల్లపు వాసన ఇప్పుడు రెండు మూడు ఇండ్ల నుండి మాత్రమే వచ్చుచున్నది.

కొనుక్కొనుట తప్పని మేము ఎన్నడు బోధింపలేదు, ఇక ముందు బోధింపము. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన నర్సు సహోదరిని రోలు దగ్గర కూర్చోమని ఎవరు చెప్పగలరు? అంతేకాదు, ఆ దుకాణముల వెనుక రేకుల షెడ్డులో పొయ్యిల ఎదుట కూర్చొని వండేవారు కూడ మన అక్కచెల్లెళ్ళే. ఆ కూలితో పిల్లల చదువులు నడిపించిన విధవరాండ్రు మా సంఘములోనే ఉన్నారు. అయినను, బియ్యము నానబోసింది మొదలు అరిసె నోటికి వచ్చువరకు మన చేతుల మీదుగా జరిగితే కలిగే సంతోషము వేరు. ఆ సంతోషమును గూర్చియే ఈ నెల నాలుగు మాటలు వ్రాయవలెనని మా సతీమణియు మేమును అనుకొన్నాము.

అరిసె వండుట తెలియని చిన్నవారి కొరకు పని ఎట్లు జరుగునో చెప్పెదము. బియ్యము ఒక రాత్రి, వీలైతే ఒక పగలు కూడ నానవలెను. మధ్యలో నీళ్ళు మార్చకపోతే వాసన పట్టును. నీరు ఓడ్చి, గుడ్డ మీద ఆరబోసి, పూర్తిగా ఆరకముందే, తడి ఉండగానే దంచవలెను. పిడికిట పట్టుకుంటే ముద్ద నిలిచే తడి అది. ఇప్పుడు చాలమంది తడిపిండి మరకు తీసుకొని పోవుచున్నారు, అదియు మంచిదే. దంచినా, మర పట్టించినా పిండిని జల్లించిన వెంటనే మూత పెట్టవలెను. పిండి ఆరిందా, అరిసె గట్టిపడును. మా ఇంట కిలో బియ్యమునకు ముప్పావు కిలో బెల్లము లెక్క. మీ ఇంటి లెక్క వేరుగా ఉంటే మాతో వాదమునకు రావద్దు, ఈ విషయములో ప్రతి ఇంటికి ఒక సిద్ధాంతమున్నది! బెల్లము అనకాపల్లిదైతే మా సతీమణికి తృప్తి. చూపుకు తెల్లగా మెరిసే బెల్లమును మాత్రము ఆమె ముట్టదు. రంగు కొరకు మందు కలుపుతారని తెలిసినప్పటి నుండి నల్లగా ఉన్నదే తెమ్మంటుంది.

బెల్లము కరిగిన తరువాత వడగట్టవలెను. ఎంత మంచి బెల్లములోనైనను ఇసుక, చెరకు పీచు ఉండక మానవు. తిరిగి పొయ్యి మీద పెట్టినప్పటి నుండి ఎవరూ కదలకూడదు. పళ్ళెములో నీళ్ళు పోసి, అందులో పాకము ఒక చుక్క వేసి, వేలితో దగ్గరకు చేర్చితే మెత్తని ఉండ కావలెను. ఉండ కాకుండ జారిపోతే లేత పాకము, అరిసె నూనెలో విడిపోవును. ఉండ గట్టిగా రాయి వలె ఉంటే ముదురు పాకము, తాతలకు పెట్టుటకు పనికిరాదు. ఈ రెంటికి నడుమ ఉన్న సమయము అర నిమిషము కంటె ఎక్కువ ఉండదు. ఆ అర నిమిషములో గిన్నె దించవలెను, యాలకుల పొడి, నెయ్యి వేయవలెను, ఒకరు పిండి పోయుచుండగా మరొకరు ఉండ కట్టకుండ తెడ్డుతో కలుపుచుండవలెను. చలిమిడి సిద్ధమైన తరువాత ఒకరు నూనె రాసిన ఆకు మీద నువ్వులద్ది తట్టాలి, ఒకరు నూనెలో వేసి తీయాలి, ఇంకొకరు రెండు చెక్కల నడుమ పెట్టి నూనె కారునట్లు నొక్కాలి. అందువలన అరిసెలు ఒక్కరు వండే వంట కాదు. కనీసము ముగ్గురు, నలుగురైతే సుఖము.

ఆ నొక్కే పని చాల ఏండ్లుగా మాది. పాస్టరుగారు అరిసెల చెక్కలు పట్టుకొనుటయా అని మొదట కొందరు పెద్దలు నవ్వారు. తెల్లవారుజామున సముద్రపు ఒడ్డున బొగ్గుల నిప్పు రాజవేసి, దాని మీద చేపలు ఉంచి, రాత్రియంతయు అలసిన శిష్యులకు ఉదయ భోజనము సిద్ధపరచినది ఎవరో యోహాను సువార్త 21వ అధ్యాయములో చూడండి. అది చదివిన తరువాత కూడ మగవాడు పొయ్యి దగ్గర కూర్చొనుట చిన్నతనమనుకొనే సహోదరులకు మేము చెప్పగలిగినది ఏమియు లేదు.

మన్నాను గూర్చి కూడ ఒక సంగతి. ఆకాశము నుండి కురిసిన ఆహారము గనుక ఇశ్రాయేలీయులు ఏరుకొని నోట వేసుకొన్నారని సండే స్కూలు పిల్లలు అనుకొందురు. సంఖ్యాకాండము 11వ అధ్యాయము 8వ వచనము తీసి చూస్తే, వారు దానిని తిరుగటిలో విసిరిరి, రోటిలో దంచిరి, ఉడికించిరి, రొట్టెలు చేసిరి. దేవుడు అరణ్యములో పిండిని, రొట్టెను కూడ కురిపించగలడు. కాని విసిరి దంచే పని వారి చేతులకు విడిచిపెట్టెను. రోకలి పోటు వినబడినప్పుడెల్లను మాకు ఆ వచనము జ్ఞాపకము వచ్చును.

అరిసెలు సంక్రాంతి వంట గదా, క్రైస్తవులకెందుకని ఒకసారి ఒక యౌవనస్థుడు అడిగాడు. మా కృష్ణా డెల్టాలో సార్వా వరి కోతలు నవంబరు, డిసెంబరులలో జరుగును. కొత్త బియ్యము ఇంటికి వచ్చే వేళకు మనకు క్రిస్మస్ వచ్చును, మన పొరుగువారికి మరి మూడు వారములకు సంక్రాంతి వచ్చును. వరి, చెరకు ఏ మతమువి కావు. ఇదే వంటను తమిళులు అధిరసమని, కన్నడిగులు కజ్జాయమని, ఒరియావారు అరిసా పిఠా అని పిలిచి ఎవరి పండుగకు వారు వండుకొందురు. ఆ యౌవనస్థుడు మా జవాబుతో ఒప్పుకొన్నాడో లేదో గాని, అరిసెలు మాత్రము నాలుగు తిని వెళ్ళాడు.

అయితే ఇంట వండుకొనుట అంటే ఏమిటో మాకు నిజముగా నేర్పినది మా సంఘములోని ఒక వృద్ధురాలు. అందరికీ ఆమె మామ్మ. వయస్సు ఎనభై దాటినది, మోకాళ్ళు సహకరించవు, కాని జ్ఞాపకము చెక్కుచెదరలేదు. ఒక సాయంత్రము ప్రార్థన ముగించి కూర్చున్నప్పుడు చిన్ననాటి పండుగలను గూర్చి అడిగాము.

"అయ్యగారూ, ఆ రోజుల్లో మన పేటకు పండగంటే ఆసాముల దొడ్డిగుమ్మమే" అన్నది. మామూలు రోజులలో జొన్న సంకటి, గంజి. వరి కోసేది, మోసేది, నూర్చేది వారే, అన్నము మాత్రము పండుగ నాడే. సంక్రాంతికి తల్లి చెంగు పట్టుకొని ఆసామి దొడ్డిలో నిలబడితే, ఆ ఇంటి ఇల్లాలు చేయి తగలకుండ పైనుండి ఒళ్ళో వేసేదట. "విరిగిన అరిసెలు వేసేవారు. తియ్యగానే ఉండేవి. మేము పిల్లలం ఎగబడి తినేవాళ్ళం. మా అమ్మ మాత్రం ఒక్క ముక్క నోట పెట్టుకునేది కాదు. ఎందుకు తినదో నాకు అప్పుడు తెలియలేదు."

1973లో ఆంధ్రప్రదేశ్‌లో భూసంస్కరణల చట్టము వచ్చిన తరువాత కొన్నాళ్ళకు ఆమె భర్తకు ఒక ఎకరము పట్టా వచ్చినది. ఆ చేనిలో మొదటి పంట ఇంటికి చేరిన సంవత్సరము, క్రిస్మస్‌కు అరిసెలు వండాలని మామ్మ పట్టుపట్టింది. అరిసెలు తిన్నదే గాని ఎట్లు వండుదురో ఎన్నడు దగ్గర నుండి చూడలేదు. "మరి పాకము ఎవరు నేర్పారు మామ్మా?" అని మా సతీమణి అడిగినది.

"ఎవరు నేర్పుతారమ్మా? మొదటి వాయి నూనెలో విడిపోయింది. అంత బెల్లము, అంత నూనె! కూర్చొని ఏడ్చాను. మా ఆయన వచ్చి ఆ ముక్కలన్నీ చిల్లుల గరిటెతో తోడి, పళ్ళెములో వేసుకొని తిన్నాడు. ఇవి కూడా విరిగినవేగా అన్నాను. విరిగినా మనవే, తిను అన్నాడు."

మేము కొంతసేపు ఏమియు మాటలాడలేకపోయాము.

ఇక్కడ ఒక దుఃఖకరమైన సంగతి కూడ చెప్పవలెను. ఆ భర్త ప్రభువునందు నిద్రించిన తరువాత అదే ఎకరము కొరకు ఇద్దరు కుమారులు విడిపోయినారు. రోడ్డు వైపు ముక్క ఎవరిదనునది తగవు. వ్యాజ్యము కోర్టుకు ఎక్కినది. ఆరు సంవత్సరములు ఇద్దరు కోడళ్ళు ఒకే మందిరములో, ఒకరు కుడివైపు చాప మీద, ఒకరు ఎడమవైపు చాప మీద కూర్చొన్నారు. బల్ల ఆరాధన రోజున మేము రొట్టె విరుచునప్పుడు ఆ రెండు ముఖములు చూచుట మాకు కష్టముగా ఉండేది. ఎన్నో మారులు రెండు ఇండ్లకు వెళ్ళాము, ప్రార్థించాము. ఇద్దరును కాఫీ ఇచ్చి గౌరవముగా పంపించినారు, అంతే.

2023 డిసెంబరులో మామ్మ మమ్ములను పిలిపించుకొని, "ఈ ఏడు మందిరం వాకిట్లో అందరికీ అరిసెలు వండిద్దాం. నేనుండగా ఒక్కసారి" అన్నది. ఎవరు వండుదురంటే, "పెద్దదానికి పాకం తెలుసు. చిన్నది నూనె దగ్గర గట్టిది. ఒకే వంటిల్లప్పుడు ఎవరి పని వాళ్ళు చేసేవాళ్ళు, ఒకరి పని ఒకరికి రాదు. విడిపోయినప్పటి నుంచి రెండిళ్ళల్లోనూ కొన్నవే తింటున్నారు" అన్నది.

మామ్మ మాట కాదనలేక ఇద్దరును వచ్చినారు. 15 కిలోల బియ్యము, 11 కిలోల పావు బెల్లము. కుక్కిమంచము వాకిట్లో వేయించుకొని మామ్మ నడుమ కూర్చున్నది. రెండు పొయ్యిలు అటు ఇటు. ఉదయమంతయు మాటలు మా సతీమణి మీదుగానే నడిచినవి. "అమ్మగారూ, నూనె కాగిందేమో అడగండి" అని ఇటు నుండి, "కాగిందని చెప్పండమ్మగారూ" అని అటు నుండి. ఆరు అడుగుల దూరమునకు వార్తాహరిని! స్త్రీల సమాజము వారు తలలు వంచుకొని నవ్వు ఆపుకొన్నారు.

మూడవ వాయి పాకము పొయ్యి మీద ఉండగా పెద్ద కోడలికి పొగ కండ్లలో పడినది. కొంగుతో తుడుచుకొంటున్నది. చిన్న కోడలు నూనె దగ్గర నుండి ఆ గిన్నెలో బుడగలు చూచినది. "అక్కా, దించెయ్యి, ముదిరిపోతోంది!" అని అరిచి, లేచి వచ్చి రెండవ ప్రక్క పట్టుకొన్నది. గిన్నె దిగినది. పెద్ద కోడలు తెడ్డు అందుకొని, "చూస్తావేం, పిండి పొయ్యవే" అన్నది. ఆమె పోసినది, ఈమె కలిపినది. పిండి ఆరిపోకముందే కలుపవలెను గనుక ఇద్దరికిని ఇంకేమియు ఆలోచించుటకు తీరిక లేదు. ఆ వాకిట్లో ఇరవైమంది ఉన్నారు, ఒక్కరును దానిని గూర్చి మాట ఎత్తలేదు. మామ్మ కండ్లు మూసుకొన్నది, నిద్రపోయిందేమో అనుకొన్నాము. పెదవులు కదలుచున్నవి.

సాయంత్రము అరిసెలు గంపలకెత్తిన తరువాత మొదటిది మామ్మకు ఇచ్చాము. పండ్లు లేవు గనుక చిన్న ముక్క తుంచి, నోట నానబెట్టుకొని, "మూడో వాయి పాకం ఒక్క పిసరు ముదిరింది" అన్నది. కోడళ్ళిద్దరును ఒకరి ముఖము ఒకరు చూచుకొన్నారు.

కోర్టులో వాయిదాలు ఇంకను నడుచుచున్నవి. అన్నదమ్ములు దారిలో ఎదురుపడితే తలలు త్రిప్పుకొందురు. దాని కొరకు మీ ప్రార్థనలు కోరుచున్నాము. ఈ డిసెంబరుకు మాత్రము బియ్యము 20 కిలోలు కావలెనని ఇద్దరు కోడళ్ళును, వేరువేరుగా వచ్చి, మా సతీమణితో చెప్పి వెళ్ళినారు.