కృష్ణమృగం చరించే నేల

వసంతం బ్రాహ్మణవటువునకు ఉపనయనకాలం. ఫాల్గుణం ముగియకముందే మా ఆదిలాబాదు అడవులలో మోదుగులు ఆకులు రాల్చి అగ్నిజ్వాలలవలె పూస్తాయి. ఆ పలాశమే వటువునకు దండం, హోమానికి సమిధ. దండాన్ని అడవి ఇస్తున్నది. మరి అజినం?

ఈ సంవత్సరం ఒక తండ్రి, "అయ్యగారూ, అంతా శాస్త్రోక్తంగా జరగాలి. కృష్ణాజినం ఎంత ఖరీదైనా తెప్పిస్తాను" అన్నారు. ఆయన శ్రద్ధ గొప్పదే. కాని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కృష్ణజింకను మొదటి షెడ్యూలులో చేర్చినది. దాని చర్మపు క్రయవిక్రయాలు నేరం. "ముందు ఆ మృగాన్ని దర్శించి వద్దాం రండి" అని తండ్రీకొడుకులను ప్రాణహిత అభయారణ్యానికి తీసుకొనిపోయాను.

1980లో ఏర్పడిన ఆ అభయారణ్యం కృష్ణజింకలకు ప్రసిద్ధి. వేగమే రక్షణగా గల ఆ మృగం దట్టమైన అడవికన్న గడ్డిబయళ్లనే కోరుతుంది. తెల్లవారుజామున ఇప్పచెట్ల కింద రాలిన పూలమధ్య దుప్పుల అడుగుజాడలు కనబడ్డాయి. ప్రొద్దెక్కిన తరువాత బయలులో, గోధుమవన్నె ఆడజింకల నడుమ, మెలితిరిగిన కొమ్ములెత్తి నిలిచిన మగజింకను చూశాము.

"గురువుగారూ, అది పుట్టుకతోనే నలుపా?" అన్నాడు వటువు.

"కాదు నాయనా. వయస్సు పరిపక్వమైనకొద్దీ మగదానికి ఆ వన్నె వస్తుంది."

కృష్ణసారమృగం స్వభావంగా సంచరించే దేశమే యజ్ఞార్హమని మనువు చెప్పినాడు. యాజ్ఞవల్క్యుని అభిప్రాయమూ అదే. 'స్వభావంగా' అనగా బలవంతంగా తెచ్చినది కాదని కుల్లూకభట్టు వ్యాఖ్యానం. అంటే భూమి యోగ్యతకు సాక్షి సజీవమైన మృగమే. దానిని చంపితే యజ్ఞోపకరణం దక్కవచ్చును గాని, యజ్ఞభూమి దక్కదు.

"మా తాతగారి ఉపనయనంలో ఉండేది కదా?" అని తండ్రి సందేహించారు. ఉండేది, నిజమే. అయితే విహితద్రవ్యం లభించనప్పుడు ప్రతినిధిద్రవ్యంతో కర్మను పూర్తిచేయవచ్చునని పూర్వమీమాంస అంగీకరిస్తుంది. ధర్మమార్గాన లభించనిది అలభ్యమే కదా!

ఆయన కొంతసేపు మౌనంగా ఉండి, "అట్లే కానివ్వండి" అన్నారు.

చైత్రంలో ఉపనయనం జరిగినది. అజినస్థానంలో దర్భలనుంచి మంత్రం చెప్పాను. భిక్షాపాత్ర పట్టుకొనిన వటువు, తనను ఆశీర్వదింపవచ్చిన ప్రతి పెద్దకూ తాను చూసిన జింక సంగతే చెప్పినాడు.