128లో లేని వాద్యం

మా హాస్టల్ వార్షికోత్సవానికి ఏటా ఏదో ఒక ముచ్చట ఉంటుంది. మేము తొమ్మిదో తరగతి చదివిన ఏడాది ఆ ముచ్చట కీబోర్డు. పాత విద్యార్థులు చందాలు వేసుకుని కొనిచ్చారు. ఉయ్యూరు వీరమ్మ తల్లి తిరునాళ్లలో ఆర్కెస్ట్రాకి వాయించే ఒకాయన సాయంత్రాలు వచ్చి నేర్పేవాడు. మేమంతా ఆయన్ని కీబోర్డు అన్న అనేవాళ్లం.

మొదటి రోజే కీబోర్డు వెనకాల ఉన్న ఐదు రంధ్రాల గుండ్రటి సాకెట్ చూపించి "ఇది మిడి" అన్నాడు. అందులోంచి పాట పోతుందనుకున్నాం. పోదట! పోయేవి అంకెలే. ఏ మెట్టు నొక్కాం, ఎంత గట్టిగా నొక్కాం, ఎప్పుడు వదిలాం, అంతే. వార్డెన్ గారు వంటగదికి పంపే చీటీలో అన్నం ఉండదు కదా, ఎంతమంది తింటారో ఉంటుంది. మిడి ఆ చీటీ. వండేది సింథసైజర్. మధ్య 'సి' మెట్టుకి అంకె 60. దెబ్బ బలాన్ని వెలాసిటీ అంటారు, అది 127 దాటదు. జపాన్‌లో ఇకుతారో కకెహాషీ, అమెరికాలో డేవ్ స్మిత్ చొరవతో 1983లో కంపెనీలన్నీ ఈ ఒక్క భాషకి ఒప్పుకున్నాయి.

1991లో జనరల్ మిడి అని 128 ధ్వనులకి వరస నంబర్లు ఇచ్చారు. సితార్ 105, షెహనాయి 112, జపాన్ వాళ్ల తైకో డోలు 117. తాళవాద్యాలకి 10వ ఛానల్ వేరే ఉంది. అందులో 47 శబ్దాలు. బోంగో, కాంగా ఉన్నాయి. మేము డప్పు కోసం వెతికాం. లేదు. మృదంగం కూడా లేదులేరా అని అన్న సర్దిచెప్పాడు.

మనమే తయారు చేద్దామన్నాం. ఆసిలేటర్ మూలధ్వని పుట్టిస్తుంది, ఫిల్టర్ దాన్ని వడకడుతుంది, ధ్వని ఎలా లేచి ఎలా అణగాలో ఎన్వలప్ చెబుతుంది అన్నాడు అన్న. ఆ ఎన్వలప్‌లో అటాక్, డికే, సస్టెయిన్, రిలీజ్ అని నాలుగు భాగాలు. చక్కెర ఫ్యాక్టరీ కూత మెల్లగా లేచి, నిలబడి, మెల్లగా దిగుతుంది. మరి డప్పు?

అప్పటిదాకా నోరు విప్పని మా గది మిత్రుడు అందుకున్నాడు. "పుల్ల తగలగానే లేస్తది. నిలబడదు. నడుమ కొడితే గుమ్మంటది, అంచున కొడితే టంగుమంటది. కాచకపోతే చప్పగా పడిపోద్ది."

నీకెలా తెలుసురా అన్నాం. వాళ్ల నాన్న డప్పు కొడతాడట. మూడేళ్లుగా మాతో కూలికెళ్తాడనే చెప్పాడు. నవ్వుతారని భయమట. నిజానికి ఇంట్లో డప్పు ఉన్నవాళ్లం మాలో ఇంకో ఇద్దరం ఉన్నాం. మేమూ ఎవరికీ చెప్పలేదు.

మా కీబోర్డులో ధ్వనిని అంతగా మార్చే బొత్తాలు లేవు. కాంగాతో ఎంత అవస్థ పడ్డా డప్పు రాలేదు. మిత్రుడు ఇంటికి ఫోన్ చేశాడు. వార్షికోత్సవం రోజు వాళ్ల నాన్నగారు డప్పుని తువ్వాలులో చుట్టుకుని బస్సు దిగారు. వంటగది వెనక వరిగడ్డి మంట వేసి కాచారు. ఒక్క దెబ్బ వేసేసరికి పైన రేకులు అదిరాయి.

"అన్నా, వెలాసిటీ ఎంత?" అని అడిగాం.

"దీన్లో పట్టదురా" అని కీబోర్డు మీద చెయ్యి తీసేశాడు.

ఆ రోజు కార్యక్రమాలు బోర్డు మీద రాసే పని మా మిత్రుడిది. కీబోర్డు అన్న పేరు కింద 'డప్పు' అని రాసి, వాళ్ల నాన్న పేరు ముందు 'శ్రీ' పెట్టాడు. చాక్‌పీసు మార్చి, దాన్నే ఇంకోసారి దిద్దాడు.