తెర మీద చైనా... ఎదురుగా అమెరికా

1930 ఫిబ్రవరి. షేర్ మార్కెట్ కుప్పకూలి నాలుగు నెలలు కూడా కాలేదు. న్యూయార్క్‌లో ఉన్నవాళ్లు సైతం డబ్బు తీయడానికి ఆలోచిస్తున్న రోజులు. సరిగ్గా అప్పుడే పెకింగ్ ఒపేరా బృందంతో అక్కడికి చేరుకున్నాడు మే లాన్‌ఫాంగ్. మన స్థానం నరసింహారావుగారిలా ఆయనా ఆడవేషాలకు పెట్టింది పేరు. చైనాలో మే ఆడుతున్నాడంటే హాలు నిండాల్సిందే. అమెరికాలో మాత్రం ఆయనెవరో చాలామందికి తెలియదు.

పైగా చైనా కూలీలు దేశంలోకి రాకూడదంటూ 1882లో చేసిన చట్టం అప్పటికీ అమల్లోనే ఉంది. హాలీవుడ్ సినిమాల్లో చైనావాడంటే కుట్రలు పన్నే విలన్, కాదంటే లాండ్రీలో ఇస్త్రీ చేసే మనిషి. అలాంటి జనం ముందు ఒక మగవాడు పట్టుచీనాంబరాలు కట్టి, సన్నటి ఆడగొంతుతో పాడితే... నవ్వరూ?

ఆ భయంతోనే ఏళ్ల తరబడి సన్నాహాలు సాగాయి. మే వెంట ఉండే పండితుడు చీ రూషాన్ వేషాల గురించి, వాద్యాల గురించి బొమ్మలు వేయించాడు, పుస్తకాలు రాయించాడు. పాటలకు పాశ్చాత్య పద్ధతిలో స్వరాలు కూడా రాయించారు. తీరా వచ్చాక అసలు చిక్కు ఎదురైంది. చైనాలో నాటకమంటే గంటల తరబడి సాగుతుంది. కథ అందరికీ తెలిసిందే. టీ తాగుతూ, కబుర్లాడుతూ, మంచి ఘట్టం వచ్చినప్పుడు తలెత్తి 'భళా' అంటారు. అమెరికావాళ్లు అలా కాదు. చీకట్లో కదలకుండా కూర్చుని, రెండు గంటల్లో ముగించుకుని ఇంటికెళ్లాలి.

ఆ సమయంలో ఆదుకున్నది అమెరికాలో చదువుకున్న ప్రొఫెసర్ జాంగ్ పెంగ్‌చున్. (1948 నాటి మానవహక్కుల ప్రకటన రచనలో కీలకపాత్ర పోషించిందీ ఈయనే!) పెద్ద నాటకాల్లోంచి చిన్న ఘట్టాలు ఏరాడు. మాటలు తగ్గించి, నృత్యం, కత్తియుద్ధం, అభినయం ఉన్నవాటికి పెద్దపీట వేశాడు. ప్రతి ఘట్టానికీ ముందు సూ యాంగ్ అనే నటి తెర ముందుకొచ్చి కథేమిటో ఇంగ్లిషులో చెప్పేది. అంతవరకే. సన్నగొంతు మారలేదు. ఖాళీ రంగస్థలం మారలేదు. చేతివేళ్ల ముద్ర ఒక్కటీ మారలేదు. అమెరికావాళ్ల కోసం సెట్టింగులు కట్టి, హంగులు చేర్చి ఉంటే అది మే నాటకం అయ్యేది కాదు.

ఎవరూ నవ్వలేదు. చిన్న థియేటర్ చాలక పెద్దదాంట్లోకి మారారు. ఆ తర్వాత షికాగో, శాన్‌ఫ్రాన్సిస్కో, లాస్ ఏంజెలిస్... రెండు విద్యాసంస్థలు గౌరవ డాక్టరేట్లు ఇచ్చాయి. చట్టం మాత్రం 1943 దాకా కదల్లేదు. చప్పట్లు కొట్టిన చేతులే తలుపు వేసి పెట్టాయన్నమాట!

సినిమాల దారి వేరు. అవి చైనాటౌన్లలో చైనావాళ్ల కోసమే ఆడేవి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 1933లోనే కాంటనీస్ టాకీ తీశారు. బయటి జనానికి వాటి రుచి తెలిసింది 1973లో, కుంగ్‌ఫూ పుణ్యమా అని. ఇక్కడ జాంగ్‌లాంటి మనిషి లేడు. అతకని ఇంగ్లిషు డబ్బింగ్ చెప్పించి వదిలేశారు. బ్రూస్‌లీ సినిమాలు రెండింటికి అనుకున్న పేర్లు తారుమారయ్యాయి కూడా. మాదకద్రవ్యాల కథకు పెట్టాల్సిన 'చైనీస్ కనెక్షన్' అనే పేరు, గురువు చావుకు పగతీర్చుకునే కథకు తగులుకుంది! అయినా జనం విరగబడి చూశారు. ఏం చూశారంటే, పిడిగుద్దులు చూశారు.

2000 డిసెంబర్‌లో 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్' వచ్చింది. దర్శకుడు ఆంగ్ లీ డబ్బింగ్ జోలికి పోలేదు. మాండరిన్ మాటలు, కింద ఇంగ్లిషు అక్షరాలు. అమెరికాలోనే సుమారు 12.8 కోట్ల డాలర్లు వసూలైంది. అప్పటిదాకా అక్కడ ఏ పరభాషా చిత్రమూ అంత రాబట్టలేదు. 4 ఆస్కార్లు సరేసరి. చిత్రమేమిటంటే, ప్రధాన తారల మాండరిన్ యాస చైనా ప్రేక్షకుల చెవికి ముల్లులా తగిలింది. మిషెల్ యో ఆ భాష రాకనే డైలాగులు బట్టీపట్టింది మరి. అక్షరాలు చదువుకునే అమెరికావాళ్లకు ఆ బాధ లేదు.

అదే ఏడాది న్యూయార్క్ చైనాటౌన్‌లో మ్యూజిక్ ప్యాలెస్ మూతపడింది. అక్కడ మిగిలిన చివరి చైనా సినిమా హాలు అదే. వీడియో క్యాసెట్లు, డిస్కులు ఇళ్లలోకి వచ్చాక టికెట్ కొనేవాళ్లు తగ్గిపోయారు. పక్కపేట మల్టీప్లెక్సుల్లో చైనా సినిమాకు క్యూలు కడుతుంటే, చైనావాళ్ల పేటలో హాలుకు తాళం!

ఆ హాల్లో హాంకాంగ్ సినిమాలు చూసి పెరిగిన అభిమానుల్లో కొందరు చేయి కలిపారు. వాళ్ల చొరవతోనే 2002లో న్యూయార్క్ ఆసియన్ ఫిల్మ్ ఫెస్టివల్ మొదలైంది. ఇలాంటి ఉత్సవాల్లో దీపాలు ఆరేముందు ఒకరు మైకు పట్టుకుని వస్తారు. రాబోయే సినిమా ఎక్కడిదో, తీసిందెవరో నాలుగు ముక్కలు చెప్పి పక్కకు తప్పుకుంటారు. 1930లో సూ యాంగ్ చేసిన పని కూడా అదే.