నానీమా గొంతు

"పెర్సెపొలిస్" ఫ్రెంచిలో 2000 నుంచి 2003 దాకా నాలుగు భాగాలుగా వచ్చిన బొమ్మల కితాబు. ఇరాన్ ఇంకిలాబ్ రోజుల్లో పెరిగిన మర్జానె సత్రపీ తన సొంత కహానీ తనే గీసుకుంది. 2007లో వాన్సాన్ పారొన్నోతో కలిసి దాన్నే యానిమేషన్ ఫిలిం చేసింది. కాన్‌లో జ్యూరీ ప్రైజ్ కూడా దక్కింది.

కితాబు ఆషిఖ్‌ల షికాయత్‌లు ఎప్పుడూ ఉండేవే. అది కోసేశారు, ఇది తొందరగా దాటేశారు అని. నేనూ ఆ జమాత్‌లోనే. పేజీలో నలుపూ తెలుపే, బూడిదరంగుకి చోటే లేదు. జైల్లో రొట్టెతో హంసని చేసిన అనూష్ చాచా బొమ్మ దగ్గర ఎంతసేపు ఆగాలో నా మర్జీ. ఫిలింలో హంస వస్తుంది, పోతుంది.

కానీ నానీమా దగ్గర నేను ఓడిపోయాను. రోజూ మల్లెలు గుండెల దగ్గర దాచుకునే ముసలావిడ. ఫ్రెంచిలో ఆమెకి గొంతిచ్చిన దానియెల్ దారియో అప్పటికి తొంభైకి దగ్గర పడింది. ఆ గొంతులో జీర ఉంది, చిలిపితనం ఉంది, మనవరాల్ని కడిగేసే కోపం ఉంది. (మా నానీ మల్లెల్ని తడి రుమాల్లో కట్టి తకియా పక్కన పెట్టుకునేది. ఖైర్, అది వేరే ముచ్చట.)

కోపాలూ తక్కువేం రాలేదు. ఇరాన్ సర్కారీ ఫిలిం సంస్థ ఫ్రెంచి ఎంబసీకి నిరసన ఖత్ రాసింది. లెబనాన్‌లో నిషేధం పెట్టి, మళ్లీ తీసేశారు. అన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ట్యునీసియా. 2011 అక్టోబరులో, ఎన్నికలకి కొద్ది రోజుల ముందు, నెస్మా టీవీ ఈ ఫిలింని అక్కడి ఇంటి బోలీలోకి డబ్ చేసి చూపించింది. అందులో చిన్నపిల్ల ఖయాల్‌లో ఖుదా తెల్లగడ్డం తాతలా కనిపిస్తాడు. జనం రోడ్ల మీదికొచ్చారు. చానెల్ యజమాని ఇంటి మీద దాడి జరిగింది. కోర్టు ఆయనకి 2,400 దీనార్ల జుర్మానా వేసింది.

ఫ్రెంచిలో ఉంటే ఎవరిదో సినిమా. సొంత బోలీలో ఖుదా మాట్లాడేసరికి అది అమ్మీ, అబ్బా కూర్చున్న హాల్లోకి వచ్చేసింది. ఆ తకలీఫ్ నాకు అర్థమవుతుంది. అల్లాహ్‌కి రూపం గీయడం నాకూ గుచ్చుకుంటుంది, ఆ పేజీ వచ్చినప్పుడల్లా. ఇల్లు తగలబెట్టబోవడం మాత్రం ఏ దీన్‌లోదో నాకు తెలీదు.

మొన్న మా ఆపా అడిగింది, "పిల్ల చూస్తానంటోంది. చూపించనా?" అని. భాంజీకి పదిహేనేళ్లు. హిజాబ్ గురించి ఇంట్లో అడగలేని సవాళ్లు దాని దగ్గర చాలా ఉన్నాయి. సత్రపీ జవాబులన్నీ మనవి కానక్కర్లేదు.

"చూపించు ఆపా, నువ్వూ పక్కన కూర్చో. ఆ సీన్ వచ్చినప్పుడు ఆపి, నీకెందుకు నచ్చలేదో చెప్పు. తర్వాత అది చెప్పేది విను" అన్నాను.

"వింటాను సరే, అది బహస్‌కి దిగితే?" అంది ఆపా.

దిగుతుంది. నానీమాకి నచ్చేది అలాంటి పిల్లలే.