బడి మజిలీ

కాశీకి కాలినడకన పోయే రోజుల్లో మజిలీ అనే మాటకు ఎంతో బరువుండేది. మోటారు కార్లు వచ్చాక ఆ బరువు కాస్తా పోయింది. పొద్దున బయలుదేరి మధ్యాహ్నానికల్లా గమ్యం చేరేవాడికి దారిలో ఊళ్ళతో పనేమిటి? కారు అద్దంలో పచ్చని గీతలా కనిపించి వెనక్కు జారిపోవడమే వాటి పని. బాట వెడల్పయిన కొద్దీ బాట పక్క ఊరు చిక్కిపోతుంది. ఇది మన దేశంలోనూ ఉన్నదే, జపానులోనూ ఉన్నదే. అయితే జపానువారు దీనికొక విరుగుడు ఆలోచించారు. దాని పేరు "మిచి నో ఎకి". మిచి అంటే బాట. ఎకి అంటే స్టేషను. వెరసి బాట స్టేషను.

ఈ "ఎకి" అనే మాట నాబోటి భాషాపంతులుకు ఊరికే వదలబుద్ధి కానిది. దాన్ని వ్రాసే అక్షరంలో ఎడమవైపున ఒక గుర్రం ఉంటుంది. అవును, గుర్రమే! పూర్వం రాజోద్యోగులూ వార్తాహరులూ దూరాలు పోతూ గుర్రాలు మార్చుకునే తావును ఎకి అనేవారు. తరువాత రైళ్ళు వచ్చి ఆ మాటను తమదిగా చేసుకున్నాయి. ఇప్పుడు బాట తన సొత్తును తాను తిరిగి పుచ్చుకున్నట్లయింది. మన మజిలీ కూడా అటువంటిదే గనుక ఇక్కడినుంచి దాన్ని మజిలీ అనే అందాము.

రైలు దారికి స్టేషను ఉన్నప్పుడు మోటారు దారికి మాత్రం ఎందుకుండరాదన్న ఊహ 1990లో హిరోషిమాలో జరిగిన ఒక సదస్సులో పుట్టింది. మరుసటి ఏడు యమాగుచి, గిఫు, తొచిగి జిల్లాల్లో పరీక్షించి చూశారు. 1993 ఏప్రిల్‌లో మొదటి విడతగా 103 మజిలీలను ప్రభుత్వం నమోదు చేసుకున్నది. ఇవాళ వాటి సంఖ్య 1200 దాటింది. వీటికి ఉన్న నియమాలు చాలా సులువైనవి. రాత్రింబవళ్ళు డబ్బు పుచ్చుకోకుండా కారు నిలుపుకోనివ్వాలి. మరుగుదొడ్లు ఎప్పుడూ తెరిచి, శుభ్రంగా ఉండాలి. దారులూ వాతావరణమూ ఊరి విశేషాలూ చెప్పే తావు ఒకటి ఉండాలి. ఆ పైన, ఆ ఊరివాళ్ళు తమ పంటనూ వంటనూ బాటసారికి పరిచయం చేయాలి. ఈ కడపటి నియమంలోనే అసలు కిటుకంతా ఉన్నది.

టోక్యోలో నిషి కసాయ్ అనే పేట మనవాళ్ళకు పెట్టింది పేరు. కంప్యూటరు ఉద్యోగాల మీద వెళ్ళిన తెలుగు కుటుంబాలు కూడా అక్కడ కనిపిస్తాయి. మా మేనకోడలి కాపురం అక్కడే. కిందటి వేసవి సెలవుల్లో మేమిద్దరం వెళ్ళినప్పుడు, జూన్ మొదటి వారంలో ఒక ఆదివారం దాని భర్త, "మావయ్యగారూ, ఫ్యుజి కొండ అందరూ చూసేదే. ఇవాళ మీకొక బడి చూపిస్తాను" అన్నాడు.

"ఏడాది పొడుగునా ఆయన చూసేది బడేగా నాయనా, సెలవుల్లో కూడానా?" అన్నది మా ఆవిడ.

"అక్కడ కూరగాయలు కూడా అమ్ముతారు అత్తయ్యా" అన్నది మేనకోడలు. ఆ మాటతో మా ఆవిడ అందరికన్న ముందుగా చెప్పులు తొడుక్కున్నది.

టోక్యో అఖాతాన్ని అడ్డంగా దాటే ఆక్వా లైన్ అనే దారి 1997 డిసెంబరులో తెరిచారు. పదిహేను కిలోమీటర్ల ఆ దారిలో కవాసాకి వైపున తొమ్మిది కిలోమీటర్లకు పైగా సముద్రం అడుగున సొరంగం, ఆ తరువాత నాలుగు కిలోమీటర్లకు పైగా నీటిమీద వంతెన. సొరంగంలోనుంచి పైకి తేలి, వంతెన మీదుగా కిసారజు చేరితే అదే చిబా జిల్లాలోని బోసో ద్వీపకల్పం. ఒక పక్క సముద్రం, ఒక పక్క పొట్టి కొండలు. వానకారు మొదలయ్యే రోజులు కావడంతో సన్నని తుంపర పడుతున్నది. వరినాట్లు అయిపోయి మడులన్నీ లేతపచ్చగా ఉన్నాయి. మా ఆవిడ చాలాసేపు మాట్లాడలేదు. చివరికి, "అచ్చం కోనసీమలా ఉంది, కొబ్బరిచెట్లు లేవంతే" అన్నది.

పెద్దబాట దిగీ దిగగానే, క్యొనన్ అనే చిన్న పట్టణంలో, ఆ బడి ఉన్నది. దాని పేరు హొతా ఎలిమెంటరీ స్కూలు. 126 సంవత్సరాలు నడిచి 2014 మార్చిలో మూతపడింది. కారణం చెప్పనక్కరలేదు. పిల్లలు లేరు. పదివేల జనం కూడా లేని ఆ ఊళ్ళో సగానికి దగ్గరగా అరవై అయిదేళ్ళు దాటినవారే. చదువుకున్న కుర్రకారు టోక్యో దారి పట్టారు. ఊళ్ళో మిగిలిన రెండు బడులనూ కలిపి ఒకటి చేశారు. ఇక ఈ భవనాన్ని ఏం చేయాలి? పడగొట్టడానికి ఊరివాళ్ళకు మనసొప్పలేదు. బాగుచేయించి, 2015 డిసెంబరులో మజిలీగా తెరిచారు. పేరు మాత్రం మార్చలేదు. ఇప్పటికీ అది హొతా ఎలిమెంటరీ స్కూలే!

లోపల అడుగు పెడితే బడి బడిలాగే ఉన్నది. పిల్లలు వ్యాయామం చేసే పెద్ద హాలు అంగడి అయింది. కింది గదులు తినుబండారాల దుకాణాలయ్యాయి. పై అంతస్తులోని తరగతి గదులు రాత్రి బసకు ఇస్తారు. నల్లబల్లలు అలాగే ఉంచారు. గదుల ముందు అద్దాలు బిగించిన పొడుగాటి వసారా ఒకటి కట్టారు. దానికి వాళ్ళు పెట్టుకున్న పేరుకు అర్థం "ఊరి అరుగు" అని మా అల్లుడు చెప్పాడు. అరుగు అన్న మాట వినగానే ఆ ఊరితో నాకు చుట్టరికం కలిసినట్లయింది. వచ్చే పోయే వాళ్ళు అక్కడ కూర్చుని సేద తీరవచ్చు. అడిగేవాడు లేడు. పిల్లలు ఆడుకోవడానికి ఒక గది ఉన్నది. 2023లో పక్కనున్న శిశువిహారం భవనాన్ని కూడా ఈ మజిలీలో కలిపారు.

జపాను పాతబడులలో కట్టెలమోపు వీపున వేసుకుని నడుస్తూ పుస్తకం చదివే కుర్రవాడి విగ్రహం తరచుగా కనిపిస్తుంది. అతను నినొమియా కింజిరో. బీదరికంలో పుట్టి, పని చేస్తూనే చదువుకుని, పాడుబడిన పల్లెలను బాగుచేసి పేరుగన్న పందొమ్మిదో శతాబ్దపు పెద్దమనిషి. ఇక్కడి కాఫీ దుకాణానికి ఆయన పేరే పెట్టారు. వీథిదీపాల కింద చదివిన మన పెద్దల కథలు విని పెరిగిన నాకు ఆ కుర్రవాడు బొత్తిగా కొత్తవాడు కాడు.

మధ్యాహ్నం భోజనానికి బడిపిల్లల భోజనమే తెప్పించుకున్నాము. అదే ఇక్కడి విశేషం. వెనకటి రోజుల్లో బడిలో పెట్టినట్టే తేలికైన లోహపు పళ్ళెంలో, గిన్నెల్లో వడ్డిస్తారు. నూనెలో వేయించి పంచదార అద్దిన పొడుగాటి రొట్టె, పాలు, ఒక కూర. పక్క బల్ల దగ్గర డెబ్బయి ఏళ్ళ దంపతులు చిన్నపిల్లల కుర్చీల్లో ఇరుక్కుని కూర్చుని, ఆ రొట్టె కొరుక్కుంటూ పకపక నవ్వుకుంటున్నారు. రొట్టె రుచి సంగతి సరే, వాళ్ళు తింటున్నది వాళ్ళ ఎనిమిదో ఏడు!

మా అల్లుడు తెప్పించుకున్నది "నమెరో" అనే పల్లెకారుల వంటకం. పచ్చిచేపను అల్లం, ఉల్లికాడలు, మిసో అనే సోయాముద్ద వేసి కత్తితో సన్నగా కొట్టి చేస్తారు. ఊగే పడవమీద పులుసులు ఒలికిపోతాయని ముద్దను వాడారట. ఆ పేరు "నాకడం" అన్న మాటనుంచి వచ్చిందట, పళ్ళెం నాకేటంత రుచి అని. శాకాహారులు మాత్రం ఒక సంగతి మరచిపోరాదు. జపాను వంటల్లో చాలావాటికి చేప చారే ఆధారం. చూపుకు ఒట్టి కూరముక్కల పులుసులా ఉన్నదాంట్లో కూడా అది ఉండవచ్చు. మా ఆవిడ రొట్టె, పాలు, ఇంటినుంచి తెచ్చుకున్న పులిహోరతో సరిపెట్టుకున్నది.

ఆ తరువాత అంగట్లోకి వెళ్ళాము. అక్కడ కూరగాయల పొట్లాల మీద ధరతోపాటు పండించినవారి పేరు కూడా ఉంటుంది. పద్ధతి ఇది. తెల్లవారి రైతులు సరుకు తెచ్చి, తామే పొట్లాలు కట్టి, తామే ధర నిర్ణయించి, చీటీలు అంటించి పెట్టి పోతారు. అమ్మకంలో కొంత భాగం మజిలీకి చెల్లుతుంది. సాయంకాలం మిగిలిన సరుకు ఎవరిది వాళ్ళు తీసుకుపోతారు. మన తెలుగునాట 1999లో మొదలైన రైతు బజారులో రైతు ఎదురుగా కూర్చుంటాడు. ఇక్కడ అతని పేరు మాత్రం కూర్చుంటుంది. ముల్లంగి వంకరగా ఉంటే ఉండనీ, పేరు నిటారుగా ఉండాలన్నట్లు ఉన్నది వాళ్ళ పట్టుదల.

మా ఆవిడకు అక్కడొక నిధి దొరికింది. ఉడకబెట్టిన వేరుశనగకాయలు! జపానులో పండే వేరుశనగలో చాలా భాగం ఈ చిబా జిల్లాదే. పచ్చికాయలను ఉప్పునీళ్ళలో ఉడకబెట్టి తినడం వీళ్ళకూ ఇష్టమే. అసలు కాలం వేసవి చివరనుంచి శరదృతువు వరకు. మిగతా రోజుల్లో ఉడికించి, గాలి చొరని సంచుల్లో పెట్టి అమ్ముతారు. "అనంతపురంనుంచి ఇంత దూరం వచ్చి శనక్కాయలా కొనేది?" అని నేనంటే, "ఇంత దూరం వచ్చి శనక్కాయలు కనిపిస్తే కొనకుండా ఎలా పోతామండీ?" అన్నది.

పక్కన ఒక ముసలావిడ ఖాళీ అయిన తన బుట్టలో మళ్ళీ పండ్లు సర్దుతున్నది. బివా పండ్లు. మన దేశంలో ఉత్తరాదిన లోకాట్ అనే పండు ఇదే. కోడిగుడ్డుకన్న కాస్త చిన్నది. పసిమి బంగారు రంగు, పైన సన్నని నూగు, లోపల నున్నని పెద్ద గింజలు, తీపిలో కలిసిన కొంచెం పులుపు. వేలు గట్టిగా తగిలితే చాలు, మచ్చపడుతుంది. అందుకని కాయగా ఉన్నప్పుడే చెట్టుమీద ఒక్కొక్కదానికి కాగితం సంచి తొడుగుతారు. ఆవిడ పండ్లు పెట్టే తీరు పసిబిడ్డను పక్కమీద పడుకోబెట్టినట్టు ఉన్నది.

బివా అంటే అక్కడ ఒక తీగవాద్యం కూడా. దాని ఆకారాన్ని బట్టే పండుకు ఆ పేరు వచ్చిందంటారు. ఆ వాద్యాన్ని చేత పట్టుకున్న దేవత బెంజైతెన్. ఆమె మరెవరో కాదు. బౌద్ధంతో చీనా మీదుగా జపాను చేరిన మన సరస్వతి! సరస్వతి లేచిపోయిన బడిలో ఆమె చేతి వాద్యం పేరుగల పండ్లు అమ్మకానికి ఉన్నాయన్నమాట. నాకు నవ్వు వచ్చింది, మనసు చివుక్కుమని కూడా అన్నది.

ఆ ముసలావిడను మా మేనకోడలు పలకరించింది. ఆవిడ కూతురు ఈ బడిలోనే చదివిందట. ఇప్పుడు మనం నిల్చున్న హాల్లోనే బడి విడిచే ఉత్సవం జరిగిందట. కూతురిప్పుడు యొకొహామాలో ఉద్యోగం. "బడి మూసినప్పుడు బాధ కలగలేదా అని అడుగు" అన్నాను. ఆవిడ కొంచెం ఆలోచించి చెప్పిన మాటకు మా మేనకోడలు చేసిన తెలుగు ఇది: "కలిగింది. కాని తాళం వేసిన బడి పక్కనుంచి రోజూ పోవడం ఇంకా బాధ కదా. ఇప్పుడు పొద్దున్నే రావడానికి నాకొక చోటున్నది."

అక్కడినుంచి దక్షిణంగా కొద్ది దూరం పోతే తొమియురా అనే ఊళ్ళో "బివా క్లబ్బు" అనే మజిలీ ఉన్నది. 1993లో వెలసిన ఇది చిబా జిల్లాలో మొట్టమొదటిది. మచ్చపడి, వంకరపోయి పట్నం బజారుకు పనికిరాని బివా పండ్లను ఏం చేయాలన్న ప్రశ్నతో వీళ్ళు పేరు తెచ్చుకున్నారు. పారబోసేదాన్ని గుజ్జు తీశారు. ఆ గుజ్జునుంచి జాము, జెల్లీ, ఐస్‌క్రీము, కూర కూడా పుట్టాయి. ఆకులతో టీ కాచారు. ఐస్‌క్రీము మేమందరం తిన్నాము. మా ఆవిడ రెండుసార్లు తిన్నది.

ఈ మజిలీలకు ఇంకొక ప్రయోజనం తరువాత తెలిసివచ్చింది. 2004 అక్టోబరులో నీగతా జిల్లాలో భూకంపం వచ్చినప్పుడు, 2011 మార్చిలో తూర్పుతీరాన భూకంపమూ ఉప్పెనా వచ్చినప్పుడు, ఇళ్ళు విడిచి వచ్చిన జనానికి దారిపక్క మజిలీలే ఆశ్రయమయ్యాయి. 2021లో 39 మజిలీలను ప్రత్యేకంగా విపత్తు వేళల కోసం ఎంపిక చేశారు. క్యొనన్‌కు కూడా ఆ భయం కొత్త కాదు. 2019 సెప్టెంబరులో వచ్చిన తుపానుకు అక్కడ ఎన్నో ఇళ్ళ పైకప్పులు లేచిపోయాయి.

బడి అంగడి కావడం సంతోషించవలసిన సంగతా, విచారించవలసిన సంగతా అని తిరుగుదారిలో నాలో నేను తర్కించుకున్నాను. ఎంత శనక్కాయ అమ్మినా, ఎన్ని పండ్లు జాము చేసినా, టోక్యో వెళ్ళిన పిల్లలు తిరిగి రారు. ఆ సంగతి క్యొనన్‌వాళ్ళకు తెలియక కాదు. పల్లె పడుచుదనాన్ని మజిలీ తిరిగి ఇవ్వలేదు. కాని పల్లె వృద్ధాప్యాన్ని ఒంటరిది కాకుండా చూడగలదు. పొద్దున లేచి చేయడానికొక పని, ఆ పనికి ధర, ధరమీద తన పేరు, కొనేవాడితో ఒక నవ్వు. వయసు మళ్ళినవారికి ఇంతకన్న ఏం కావాలి?

పిల్లలు చాలక మూతపడిన బడులు మన ఊళ్ళలోనూ కనిపిస్తున్నాయి. తలుపులకు తాళాలు, ఆవరణలో ముళ్ళకంప. హొతాలో చేసినట్టే మనమూ చేయాలని నేననను. ఏ ఊరి మందు ఆ ఊరిదే. కాని ఊరివాళ్ళంతా కలిసి కట్టుకున్న నాలుగు గోడలకు చదువు వెళ్ళిపోయాక కూడా కొలువు దొరుకుతుందని ఆ చిన్న ఊరు చేసి చూపించింది. మీ పిల్లలు టోక్యోలో ఉంటే, మే నెలాఖరునుంచి జూన్ మధ్యలోపల ఒకసారి ఆ దారిన వెళ్ళి రండి. బివా పండ్లు అప్పుడే వస్తాయి. చేతిసంచీ ఒకటి పెద్దదే పట్టుకువెళ్ళండి.