గుల్‌మార్గ్ మంచులో జేబుల తనిఖీ

"ఫోన్లు పూర్తిగా ఆపెయ్యండి. ఫ్లైట్ మోడ్ అంటే ఒప్పుకోను" అన్నాడు గైడ్. టంగ్‌మార్గ్ మనిషి, యాభై దాటినవాడు. ఉర్దూ కలిసిన హిందీలో తాపీగా మాట్లాడతాడు గానీ ఈ మాట మాత్రం గద్దించినట్టే వచ్చింది. గుల్‌మార్గ్ గోల్ఫ్ మైదానం మొత్తం మంచు కింద ఉంది. అందులో ఎక్కడో ఒక సంచీ పాతిపెట్టాడు. సంచీలో ఒక బీకన్ ఉంది. మేం దాన్ని వెతికి తీయాలి. స్కీయింగ్‌కి వచ్చినవాళ్లు మొహాలు చూసుకున్నారు. ఫోన్ లేకుండా వీడియో ఎలా తీయాలన్నది వాళ్ల బెంగ.

గుల్‌మార్గ్ గండోలా రోప్‌వే మనిషిని దాదాపు 4,000 మీటర్ల ఎత్తున అఫర్వత్ శిఖరం పక్కన దింపుతుంది. అక్కడి నుంచి కాపలా ఉన్న వాలు వదిలి పక్కకు నాలుగడుగులు వేస్తే చాలు, మంచు చరియల రాజ్యం. 2010 ఫిబ్రవరిలో ఇక్కడి సైనిక శిక్షణ పాఠశాలకు చెందిన 17 మంది మంచు చరియ కిందే పోయారు. 2023లో ఇద్దరు పోలండ్ దేశస్థులు, ఆ మరుసటి ఏడాది ఒక రష్యన్ చనిపోయారు. కూరుకుపోయినవాళ్లకు ఎంత వ్యవధి ఉంటుందో స్విట్జర్లాండ్‌లోని నలభై ఏళ్ల లెక్కలు తీసి పరిశోధకులు 2024లో చెప్పారు: పది నిమిషాల్లో బయటికి తీస్తే పదిమందిలో తొమ్మిదిమంది బతుకుతారు. అరగంట అయితే ముగ్గురే. అంటే శ్రీనగర్ నుంచి వచ్చే సహాయ బృందం మీద ఆశ పెట్టుకోకూడదు. పక్కనున్న స్నేహితుడే తవ్వి తీయాలి.

ఆ స్నేహితుడి చేతిలో ఉండేదే బీకన్. సబ్బుపెట్టె కన్నా కాస్త పెద్దది, పట్టీలతో ఒంటికి కట్టుకుంటారు. కొండ ఎక్కేటప్పుడు అందరివీ 'సెండ్'లో ఉంటాయి, సెకనుకొకసారి చిన్న సంకేతం వదులుతూ. ఎవరైనా కూరుకుపోతే మిగిలినవాళ్లు 'సర్చ్'కి మారుస్తారు. బాణం గుర్తు దారి చూపిస్తుంది, అంకె దూరం చెబుతుంది. ఏ కంపెనీదైనా, ఏ దేశందైనా 457 కిలోహెర్ట్జ్ మీదే పనిచేస్తుంది కాబట్టి జర్మన్ బీకన్‌తో అమెరికన్‌ని వెతకొచ్చు.

ఆ అంకె వినగానే నాకు పాత రేడియో మెకానిక్ షాపులు గుర్తొచ్చాయి. మన మీడియం వేవ్ సెట్లలో స్టేషన్ ఏదైనా లోపల 455 కిలోహెర్ట్జ్‌కి మార్చుకునే వినిపించేవి. దాదాపు అదే చోటు. 837 మీద విజయవాడ కేంద్రం వార్తలు వింటుంటే వంటింట్లో మిక్సీ వేయగానే గరగరమనడం నా ఈడువాళ్లందరికీ తెలుసు. బీకన్ పక్కన ఫోన్ ఉంటే జరిగేదీ అదే. కాకపోతే మునిగిపోయేది వార్తలు కాదు.

పైగా బీకన్ గొంతు చాలా చిన్నది. దూరం రెట్టింపైతే దాని అయస్కాంత క్షేత్రం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల దగ్గర ఉన్న బలంతో పోలిస్తే నలభై మీటర్ల దగ్గర ఎనిమిది వేలో వంతు. అంత సన్నటి సంకేతాన్ని పట్టాల్సిన యంత్రం పక్కనే ఫోన్ తెర, దాని ప్రాసెసర్, చార్జింగ్ సర్క్యూట్ గోల చేస్తుంటాయి. సిమ్ ఆపినంత మాత్రాన ఆ గోల ఆగదు. గైడ్ ఫ్లైట్ మోడ్ ఒప్పుకోకపోవడానికి కారణం అదే.

ఊరికే చెబితే నమ్మరనుకున్నాడేమో, చూపించాడు. పాతిన సంచీకి ముప్ఫై అడుగుల్లో నిలబడి బీకన్ చాచి పట్టుకున్నాడు. బాణం నిలకడగా ఎడమకి చూపిస్తోంది, అంకె 9.2. తన ఫోన్ ఆన్ చేసి, వీడియో నడుస్తుండగా, బీకన్‌కి దగ్గరగా తెచ్చాడు. మూరెడు దూరంలో ఏమీ కాలేదు. జానెడు దూరానికి వచ్చేసరికి 9.2 కాస్తా 14 అయింది, మళ్లీ 7, బాణం కుడికి తిరిగింది. ఇంకా దగ్గరికి తెస్తే తెర మీద అంకె మాయమైంది. నాకు గుండె ఝల్లుమన్నది అంకె పోయినప్పుడు కాదు, తప్పు అంకె వచ్చినప్పుడు. ఏమీ కనపడకపోతే మనిషి అనుమానిస్తాడు. 14 అని తెర మీద కనిపిస్తే అటే పరిగెత్తుతాడు.

కంపెనీల పుస్తకాల్లో ఇదంతా ఉంటుంది. సెండ్‌లో ఉన్నప్పుడు ఫోన్ లాంటి వస్తువులు కనీసం 20 సెంటీమీటర్ల దూరంలో, సర్చ్‌లో 50 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి. ఆ తేడా ఎందుకో మాత్రం ఎవరూ అడగరు. మంచు కింద ఉన్నవాడి జేబులో ఫోన్ ఉన్నా అతని బీకన్ పంపే సంకేతం పెద్దగా చెడదు, లోహమో అయస్కాంతమో దాన్ని అంటుకుని ఉంటే తప్ప. కష్టమంతా పైన వెతికేవాడికే. చచ్చేవాడొకడు, ఫోన్ ఇంకొకడిది.

మా గుంపులో హైదరాబాద్ కుర్రాడొకడు ఉన్నాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఖర్చుకు వెనకాడని రకం. బ్యాటరీతో వేడెక్కే గ్లవ్స్ వేసుకున్నాడు. "అన్నా, ఇవి కూడానా?" అని నన్నడిగాడు తెలుగులో, నేనేదో సిఫారసు చేస్తానన్నట్టు. గైడ్‌కి భాష రాకపోయినా సంగతి అర్థమైంది. కుర్రాడి మణికట్టు పట్టుకుని, గ్లవ్ అంచున ఉన్న బ్యాటరీ సంచీని వేలితో నొక్కి చూపించాడు. బీకన్ పట్టుకునే చెయ్యే అది. యాభై సెంటీమీటర్లు ఎక్కడి నుంచి తెస్తాడు? ఈ గ్లవ్స్, బీకన్ పక్కపక్క అలమారాల్లో అమ్మే దుకాణదారు ఆ ముక్క చెప్పడు. నా ఉద్దేశంలో అది గ్లవ్స్ పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉండాలి, బీకన్ పుస్తకంలో చివరి పేజీలో కాదు.

మరి ఫోన్ ఆపేస్తే సహాయం కోసం ఎవరు పిలుస్తారు? ఈ ప్రశ్న నాదే. గుంపులో ఒక్కరు, వెతకని ఒక్కరు, పాతిక అడుగులు పక్కకు జరిగి పిలుస్తారన్నాడు గైడ్. ఒంటరిగా మిగిలినవాడైతే ముందు పిలిచి, ఫోన్ ఆపి, ఆ తర్వాత వెతకాలి. ఎంత జాగ్రత్తపడినా గోల ఉందనిపిస్తే, వెతికే వరసల మధ్య దూరాన్ని తగ్గించుకోవాలి. వరసలు ఎక్కువవుతాయి, నిమిషాలు కరుగుతాయి, అయినా అదే మేలు.

వెతుకులాట ఎప్పుడూ నిమిషాల్లో తెమలదు. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో పదిమంది జవాన్లు కూరుకుపోయినప్పుడు రాడార్లు, కుక్కలు రోజుల తరబడి వెతికాయి. ఆ పదిమందిలో ఒకరు అప్పటి కర్నూలు జిల్లావారు. ఈ విషయం కుర్రాడికి తెలియదు. చెప్పాను. గ్లవ్స్ బ్యాటరీలు తీసి సంచీ అడుగున పడేశాడు.

సాయంత్రం అద్దె దుకాణం దగ్గర గైడ్ మరో తగాదా పెట్టుకున్నాడు. మాకిచ్చిన బీకన్లలో రెండింటి మూత తెరిచి చూస్తే రీచార్జబుల్ సెల్స్ ఉన్నాయి. వాటి ఓల్టేజి చివరిదాకా దాదాపు ఒకేలా ఉండి హఠాత్తుగా పడిపోతుంది, తెర మీద శాతం అబద్ధం చెబుతుంది. "ఛార్జింగ్ ఫుల్ ఉంది కదా భాయ్" అంటాడు దుకాణదారు. గైడ్ వాదించలేదు. సెల్స్ ఊడదీసి బల్ల మీద పెట్టి, నా చేతిలోంచి వంద నోటు తీసుకుని, ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకు ఆల్కలైన్ సెల్స్ కోసం కుర్రాణ్ణి పంపాడు.