పాము గ్రుడ్లకు పొదుగు పెట్టె

కోడిగ్రుడ్లను యంత్రముతో పొదిగించుట మన విద్యార్థులలో పెక్కురకు తెలిసిన విషయమే. 37.5 డిగ్రీల వేడి, దినమునకు కొన్నిమారులు గ్రుడ్లను త్రిప్పుట, 21 దినముల యోపిక: ఇవి యున్నచో చాలును. పాము గ్రుడ్లనుకూడ అట్లే పొదిగింపవచ్చునని తలచువారు కలరు. ఆ తలంపువలన ఒక బాలునికెంత దుఃఖము కలిగెనో, పిమ్మట వాడెట్టి పెట్టెను కట్టుకొనెనో, నేను కొంత చూచియు కొంత వినియు ఎఱిగినదానిని ఈ పుటలలో వ్రాయుచున్నాను. పాము పేరు వినగానే పుట త్రిప్పివేయు తల్లులు కొంచెము ఓర్చుకొని చదువ ప్రార్థన.

2024వ సంవత్సరపు వేసవి సెలవులలో నేను అమెరికా దేశమున టెక్సాసు రాష్ట్రములోని డాలస్ నగరమున నివసించు నా చెల్లెలి యింటికి పోయితిని. నా మేనల్లుడు పదునైదేండ్లవాడు. వాడు రెండు కొండచిలువలను పెంచుచున్నాడు. కొండచిలువయనగా మేకను మ్రింగు మహాసర్పమని భయపడనక్కఱలేదు. ఇవి పశ్చిమాఫ్రికా, మధ్యాఫ్రికా దేశములలో పుట్టిన చిన్నజాతివి, విషము లేనివి, మిక్కిలి పిఱికివి. బెదరినప్పుడు తలను నడుమ దాచుకొని బంతివలె చుట్టుకొనును. అందుచేతనే వీనిని ఇంగ్లీషున బాల్ పైథాను అందురు. ఆ దేశమున వేలకొలది జనులు వీనిని ఇండ్లలో పెంచుచున్నారు.

మన దేశపు సంగతి వేఱు. నాగుపాము, కొండచిలువ, జెఱ్ఱిపోతు మొదలగు మన పాములను పట్టుటయు, ఇంట నుంచుటయు, వాని గ్రుడ్లను తీయుటయు 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టము ప్రకారము నేరము. పొలము దున్నునప్పుడు గాని గడ్డివామి తీయునప్పుడు గాని పాము గ్రుడ్లు కనబడినచో, మన బాలురు వానిని సంచిలో వేసికొని నా సైన్సు గదికి తేవలదు. తీయక, త్రిప్పక, ఆ మట్టినే మరల కప్పి, అటవీశాఖవారికి తెలుపవలెను.

నా చెల్లెలికి ఆ పాములనిన గిట్టదు. నేను పోయిన మొదటి రాత్రియే, "అన్నయ్యా, వీనికి నీవైనను బుద్ధి చెప్పుము. యెషయా ప్రవక్త దుష్టుల పనిని మిడునాగు గ్రుడ్లను పొదుగుటతోనే పోల్చెను. మన యింట నదియే జరుగుచున్నది" అని మొఱపెట్టుకొనెను. ఆ మాట యెషయా గ్రంథము 59వ అధ్యాయమున నున్నది. అది విని మేనల్లుడు, "నోవహు ఓడలో పాములకుకూడ చోటు దొరికినది గదా, మామయ్యా" అనెను. ఇద్దరి మాటయు వాక్యానుసారమే. ప్రవక్త మనుష్యుల దుష్క్రియలను గూర్చి చెప్పెనే గాని గ్రుడ్డుపై నేరము మోపలేదని మాత్రము నేను చెప్పితిని. చెల్లెలు సమాధానపడలేదు. అయినను ఆమె కోపములో నొక భాగము పాముపై గాక, క్రిందటి యేటి సంగతిపై నుండెనని నాకు తరువాత తెలిసినది.

క్రిందటి యేడు ఆ యాడపాము ఐదు గ్రుడ్లు పెట్టెను. మేనల్లుడు తాను కూడబెట్టుకొన్న సొమ్ముతో కోడిగ్రుడ్లకై చేసిన చవుక యంత్రము నొకదానిని కొనెను. నలుబది దినములు సక్రమముగా నడచెను. ఒక రాత్రి అందలి ఉష్ణనియామకము, అనగా థర్మోస్టాటు, పట్టుకొనిపోయి వేడి ఆగక పెరిగెను. తెల్లవారి చూచునప్పటికి పెట్టెలో 41 డిగ్రీలుండెను. గ్రుడ్లన్నియు చనిపోయెను. కోసి చూడగా లోపల పూర్తిగా రంగు దేరిన పిల్లలుండెనట. బాలుడు మూడు దినములు బడికి పోలేదు. "వానిని అట్లు మరల చూడలేను, అందుకే వలదనుచున్నాను" అని నా చెల్లెలు వంటయింటిలో నాతో చెప్పెను.

ఇక విషయములోనికి వత్తము. పాము గ్రుడ్డునకును కోడిగ్రుడ్డునకును గల భేదము తెలిసిననే గాని పెట్టెను ఎన్నుకొనుట సాధ్యము కాదు. కోడిగ్రుడ్డు పెంకు సున్నపుది, గట్టిది. పాము గ్రుడ్డు పెంకు తోలువంటిది, మెత్తనిది. అది చుట్టునున్న తేమను పీల్చుకొని బరువెక్కును, తేమ చాలనిచో సొట్టలు పడును. కోడి తన గ్రుడ్లను ముక్కుతో త్రిప్పుచునే యుండును; పాము గ్రుడ్డును పెట్టిన కొలది కాలములోనే పిండము పైభాగమున పెంకునంటుకొని యుండును గావున, త్రిప్పినచో దానికి ప్రాణభయము. కనుకనే పెంచువారు గ్రుడ్డు పైభాగమున పెన్సిలుతో ఒక గీత గీసి, ఆ గీత ఎప్పుడును మీదికే యుండునట్లు చూతురు. కోడిగ్రుడ్డునకు 37.5 డిగ్రీలు ప్రాణము; ఈ కొండచిలువ గ్రుడ్డునకు అది మరణము. దీనికి 31 మొదలు 32 డిగ్రీలు కావలెను, అదియు ఇంచుమించు రెండు నెలలు. వేడి మిక్కిలి తగ్గినను, హెచ్చినను, పిల్లలు వంకర వెన్నెముకతో పుట్టుట కలదు.

అడవిలో ఈ పని యెవరు చేయుదురు? తల్లియే. అనేక జాతుల పాములు గ్రుడ్లు పెట్టి తమ దారిన పోవును గాని, కొండచిలువ గ్రుడ్లను చుట్టుకొని కూర్చుండును. మన హిందూదేశపు కొండచిలువ జాతి మఱియు చిత్రమైనది. పాము శీతలరక్తజంతువని మనము తరగతిలో చెప్పుదుము గదా? అట్టి జంతువు పొదుగునప్పుడు స్వయముగా వేడిని పుట్టించునని 1841లో పారిస్ నగరపు జంతుశాలలో వలాన్సియెన్ అను శాస్త్రజ్ఞుడు ఉష్ణమాపకముతో కొలిచి చూపెను. 1966లో న్యూయార్కు జంతుశాలలో హచిన్సను మొదలగువారు దాని కారణమును కూడ తెలిపిరి: తల్లి తన కండరములను పదేపదే ముడుచుచు, మనము చలికి వణకినట్లు వణకుచు, చుట్టునున్న గాలికంటె సుమారు 5 డిగ్రీలవఱకు ఎక్కువ వేడిని నిలుపుకొనును. గాలి చల్లబడిన కొలది వణకు హెచ్చును. ఆఫ్రికా చిన్నజాతికి ఈ వణకు విద్య అంతగా లేదు. అది చుట్టుకొని తేమను కాపాడుట యందే నేర్పరి. ఏ జాతియైనను గ్రుడ్లకు తల్లి యిచ్చునది అధికమైన వేడి కాదు, మార్పు లేని స్థితి. నా మేనల్లునికి నేను చెప్పగలిగిన సలహా యంతయు ఇందులోనే యున్నది: వేడిచేయు పెట్టెను వెదకకుము, నిలకడగల పెట్టెను వెదకుము.

అంగళ్లలో మూడు విధముల పెట్టెలుండెను. మొదటిది కోడిగ్రుడ్ల యంత్రము. దానిని గూర్చి చెప్పితిని. రెండవది పాములకొఱకే చేసిన బీరువావంటి పెట్టె, గాజు తలుపుతో చూపునకు సొగసుగా నుండును, వెల కొన్ని వందల డాలర్లు. మూడవది స్వయముగా కట్టుకొనునది. సొగసైన పెట్టెను విప్పించి చూచితిని. గోడలు పలుచన, గాజు తలుపునుండి వేడి పోవుచుండును, పోయినదానిని మరల నింపుచుండవలెను. ఉష్ణనియామకము మంచిదగునా కాదా యని అడిగినచో అంగడివాడు రంగును గూర్చి చెప్పెను. సొమ్మును గాజునకు గాక నియామకమునకు వెచ్చించుట మేలని నిశ్చయించితిమి.

పొరుగువారు వీధిలో పాఱవేసిన చిన్న రిఫ్రిజిరేటరు ఒకటి దొరికెను. చల్లదనమును లోపల నిలుపు గోడలు వెచ్చదనమునుకూడ నిలుపును గదా. దాని అడుగున హీట్ టేపు అను వేడి పట్టీని అంటించితిమి. గాలి ఒకచోట నిలువకుండ పాత కంప్యూటరులోని చిన్న పంకా నొకదానిని అమర్చితిమి. నియామకములు రెండు తెఱగులు. ఒకటి వేడిని పూర్తిగా వెలిగించి పూర్తిగా ఆర్పును. వేడి ఎక్కుచు దిగుచు నుండును. రెండవది లాంతరు వత్తిని తగ్గించి హెచ్చించినట్లు కొంచెము కొంచెముగా దిద్దును. రెండవదానినే కొంటిమి. క్రిందటి యేటి గాయము మఱువలేదు గావున, మొదటిది పట్టుకొనిపోయినను 33 డిగ్రీలకు విద్యుత్తును త్రెంచునట్లు చవుకదియైన మఱియొక నియామకమును దానిపై కాపలా పెట్టితిమి. ఇచ్చట నొక వింత చెప్పవలెను. లోకములో తొలి నియామకములలో నొకటి పుట్టినది గ్రుడ్లకొఱకే. 1620 ప్రాంతమున డ్రెబ్బెల్ అను హాలెండు దేశస్థుడు కోడిగ్రుడ్లను పొదిగించుటకు పాదరసముతో తనంతట తాను పొయ్యిని దిద్దుకొను పెట్టెను చేసెను.

ఖాళీ చోటులన్నిటను రెండేసి లీటర్ల నీటిసీసాలు ఆఱు పెట్టించితిని. మేనల్లుడు ఎందుకని యడిగెను. నీటి విశిష్టోష్ణము అధికమని, ఆలస్యముగా వేడెక్కి ఆలస్యముగా చల్లారునని, తరగతిలో మార్కులకై వ్రాసెడి సంగతియే వానికి చెప్పితిని. తరువాత రెండు ఉష్ణమాపకములను లోపల నుంచగా ఒకటి 31.4, ఒకటి 32.6 చూపెను. ఏది నిజము? నలుగగొట్టిన మంచుగడ్డలో కొంచెము నీరు కలిపి రెంటిని అందు ముంచితిమి. ఒకటి సున్న చూపెను, మఱియొకటి ఒకటికిపైగా చూపెను. అబద్ధికుడు తెలిసిపోయెను. పిమ్మట గ్రుడ్లు లేకయే పది దినములు పెట్టెను నడిపి, ఉదయము సాయంకాలము అంకెలు వ్రాసికొంటిమి. ఈ పది దినములను విడిచివేయువారే పెక్కురు.

మే 6వ తేదీ వేకువను పాము ఆఱు గ్రుడ్లు పెట్టెను. అవి ఒకదానికొకటి అంటుకొని ముద్దగా నుండును, విడదీయరాదు. బాలుడు తల్లి చుట్లను ఒక్కొక్కటిగా సడలించి గ్రుడ్లను తీయుచుండగా, ఆ పాము కఱవలేదు గాని మరల మరల బిగించుకొనెను. తలుపుదగ్గఱ నిలిచి చూచుచున్న నా చెల్లెలు, "దానికి కూడ తల్లిప్రాణమే గదా" అనెను. తల్లికే విడువరాదా యని నేనును అడిగితిని. ఆ యింట గాలిని రాత్రింబగళ్లు 24 డిగ్రీలకు చల్లార్చు యంత్రము నడచుచుండునని, అంత చలిలో ఆ తల్లి గ్రుడ్లను కాపాడలేదని, రెండు నెలలు మేత మాని చిక్కిపోవునని వాడు చెప్పెను. సరియైన యుత్తరమే.

గ్రుడ్లను వర్మిక్యులైటు అను తేలికయైన పొరల ఖనిజములో సగము మునుగునట్లు ఉంచిరి. అది మన గూడూరు అభ్రకమునకు చుట్టమే. కాల్చగా పొంగి తేమను పట్టుకొనును. దాని బరువునకు సమానముగా నీరు కలిపి, పిడికిట పిండిన చుక్క కారకుండ చూచుకొనవలెను. పైన మూతగల ప్లాస్టిక్ డబ్బా. వారమునకొకసారి గాలికై మూత తీయుట. అంతకుమించి చేయవలసినది లేదు. ఆ చేయకుండుటయే బాలునికి కష్టమయ్యెను. దినమునకు పదిసార్లు తలుపు తీయుచుండగా, దానికి నేను తాళము వేసి తాళపుచెవిని నా చెల్లెలికిచ్చితిని.

మే 28వ తేదీ ఉదయము ఆఱు గంటలవేళ డాలస్ నగరముపై గొప్ప గాలివాన పడెను. లక్షలకొలది యిండ్లకు విద్యుత్తు పోయెను. మా యింటికిని పోయెను. అది గ్రుడ్లకు 22వ దినము. బాలుని ముఖము పాలిపోయెను. గ్యాసు పొయ్యిమీద నీరు కాచి ఆ సీసాలను లోపల పెట్టుదమని నా చెల్లెలే గిన్నె నెత్తెను. పామనిన గిట్టని మనిషి! బాలుడు కొంతసేపు ఆలోచించి, "వలదమ్మా. చల్లబడినచో ఆలస్యముగా పుట్టును. వేడెక్కినచో చచ్చును" అనెను. నేను నోరు విప్పలేదు. అప్పుడామె లోపలికి పోయి, మా యమ్మ తన పాత చీరలతో కుట్టిన బొంతను తెచ్చి పెట్టెకు నలుప్రక్కల చుట్టెను. ఆ బొంతను ఆమె పెండ్లినాడు మా యూరినుండి తీసికొనిపోయినది. దానిపై నెవ్వరిని కూర్చుండనీయదు. మధ్యాహ్నము మూడు గంటలకు విద్యుత్తు వచ్చెను. తొమ్మిది గంటలలో వేడి 31.5 నుండి 29.4కు మాత్రమే దిగెను. ఆ సీసాల నీరు తన ధర్మము తాను నెఱవేర్చెను.

జూన్ మొదటి వారమున నేను తిరిగి వచ్చితిని. బడులు తెఱచిరి. జూలై 3వ తేదీ రాత్రి మా చెల్లెలు ఫోను చేసెను. ఎప్పటివలె కుశలప్రశ్నలు లేవు. ఒక గ్రుడ్డు మొదటనే బూజుపట్టి చెడినదట. మిగిలిన ఐదింటిలో మూడింటి పెంకులను పిల్లలు తమ ముక్కుకొననున్న చిన్న పంటితో చీల్చి తలలు బయటపెట్టినవట. వెంటనే బయటికి లాగరాదు. పచ్చసొనను పూర్తిగా పీల్చుకొనువఱకు ఒకటి రెండు దినములు పెంకులోనే యుండవలెను. ఆ సంగతి తాను కుమారునికి చెప్పి వాని చేయి పట్టుకొని ఆపితినని ఆమె నాకు చెప్పెను. మఱునాడు నాలుగవది వచ్చెను. ఐదవది పూర్తిగా ఎదిగియు పెంకు చీల్చలేక లోపలనే చనిపోయెను. ఎందుచేతనో వానికిని తెలియలేదు. ఆ నాలుగింటిని తూచి, ఒక్కొక్కటి అఱువది గ్రాములకు అటునిటుగా నున్నదని నోటుపుస్తకములో వ్రాసికొని, దాని ఛాయాచిత్రమును నాకు పంపెను. అందొక మూల బొంత అంచు కనబడుచున్నది. ఇంకను పెట్టెకే చుట్టియున్నది.